షుగర్ ఉన్నవాళ్లకు తోటివారి తోడు

మా కాలనీ పార్కులో ఉదయం నడకకు వచ్చేవారిలో చాలామందికి షుగర్ ఉండడంతో, అక్కడి పలకరింపులు “ఫాస్టింగ్ (పరగడుపున చూసుకునే షుగర్) ఎంత వచ్చిందండీ?” అన్న ప్రశ్నతోనే మొదలవుతాయి. పెరిగిందని చెప్పినవారిని ఎవరూ తప్పుపట్టరు; రాత్రి ఏం తిన్నారో, మాత్ర వేసుకున్నారో లేదో నెమ్మదిగా అడుగుతారు. ఇంట్లోవాళ్లు కోప్పడతారని దాచుకునే అంకెను ఇక్కడ నిస్సంకోచంగా చెప్పుకోగలగడం, నా దృష్టిలో, చాలా పెద్ద సహాయం.

నేను ఇన్సులిన్ మొదలుపెట్టిన కొత్తలో రిటైరైన మాస్టారొకరు చొక్కా పైకెత్తి, పొట్టమీద గట్టిపడిన చోటు చూపించి, రోజూ ఒకేచోట సూది వేసుకుంటే చర్మం కింద అలా గడ్డకట్టి మందు సరిగా ఒంటికి పట్టదని, అందుకే ప్రతిసారీ కాస్త జరిపి వేసుకోవాలని చెప్పారు. డాక్టరుగారు చెప్పిన మాటే అయినా, కళ్లారా చూశాకే అది నా మనసులో నాటుకుంది.

రక్తంలో షుగర్ 70 (mg/dL) కంటే తక్కువకు పడిపోతే ఏం చేయాలో అందరికీ తెలిసి ఉండాలన్నది ఆ మాస్టారి పట్టుదల. చేతులు వణికి, చెమటలు పడుతుంటే వెంటనే 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు చిన్న చెంచాలు (టీస్పూన్లు), నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చాక్లెట్‌లోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది కనుక, మాలో చాలామంది జేబులో గ్లూకోజ్ పొడి ఉంచుకుంటారు.

రాగిసంకటి ఎంత తిన్నా ఫరవాలేదన్న వాదన ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. అందులోనూ పిండిపదార్థమే ఎక్కువ కాబట్టి ముద్ద పరిమాణం చూసుకోక తప్పదు. వచ్చే సంక్రాంతికి ఒక్కో అరిసెను ఇద్దరేసి పంచుకుని, ఆ పూట అన్నం తగ్గించుకోవాలని మేమందరం ఒప్పుకున్నాం.