ఫైన్ కట్టి వచ్చేస్తే కేసు కొట్టేసినట్టు కాదు

"కోర్టుకెళ్లాను, ఫైన్ కట్టాను, కేసు కొట్టేశారు" అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. కొట్టెయ్యలేదండీ. మీరు నేరం ఒప్పుకున్నారు, దోషి అని తీర్పొచ్చింది, శిక్ష ఫైన్ రూపంలో పడింది. ఈ తేడా మనవాళ్లకి ఎవరూ చెప్పరు, నా బాధంతా అదే.

చిన్న కేసుల్లో మేజిస్ట్రేట్ ముందు జరిగేది ఇదీ: నీ మీద ఆరోపణ ఫలానా అని చెప్పి, ఒప్పుకుంటావా లేదా అని అడగాలి. ఒప్పుకుంటే ఆ మాటల్ని వీలైనంతవరకు నిందితుడు అన్నట్టుగానే రాసుకోవాలి, ఆ తర్వాత కూడా దాని మీద దోషి అని తేల్చాలా వద్దా అన్నది మేజిస్ట్రేట్ విచక్షణే (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 252వ సెక్షన్, 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 275). కాగితం మీద ఇది చక్కటి పద్ధతి. హాల్లో మాత్రం వరసగా పేర్లు పిలుస్తుంటారు, బయట ఎవరో "సార్ అడిగితే ఒప్పేసుకో, ఫైన్‌తో పోతుంది" అని ముందే చెప్పేసి ఉంటారు, మనిషి చేతులు కట్టుకుని "చేశాను సార్" అంటాడు, అయిపోతుంది.

"కొట్టాను సార్, కానీ వాడే ముందు కర్ర పట్టుకుని మీదకొచ్చాడు" అంటే అది ఒప్పుకోలు కాదు. ఆత్మరక్షణ అంటున్నాడు కదా, విచారణ జరగాలి. జాగ్రత్త గల మేజిస్ట్రేట్ అక్కడ ఆగి, ఒప్పుకోలేదనే రాసుకుంటారు. తొందరలో ఉన్నవాళ్లకి ఆ మొదటి మాటే చాలు.

ఒప్పుకునేవాళ్లని నేను తప్పుపట్టను. వాయిదా వాయిదాకీ కూలి పోతుంది, వకీలు ఫీజు వేరే, ఆ లెక్కలో ఫైనే చవక. కానీ అదే కొట్లాట కేసులో అవతలివాడు రాజీకి వస్తే, చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదలైనట్టే. ఒప్పుకుంటే దోషి. రెండు దారుల్లోనూ ఆ రోజే ఇంటికెళ్లిపోవచ్చు, రికార్డు మాత్రం పూర్తిగా వేరు, మరి ఒప్పుకునే ముందు రాజీ మాట ఎందుకు అడగరో నాకర్థం కాదు!

ఒప్పుకున్నాక అప్పీలు దారి కూడా దాదాపు మూసుకుపోతుంది. శిక్ష ఎక్కువైందనో, చట్టబద్ధం కాదనో మాత్రమే వెళ్లగలరు.

అసలు చిక్కు తర్వాతెప్పుడో ప్రభుత్వ ఉద్యోగం వచ్చినప్పుడు. ఉద్యోగంలో చేరే ముందు మన వివరాలు రాసిచ్చే అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా శిక్ష పడిందా అని అడుగుతారు, ఇతను కేసు పోయిందనే నమ్మకంతో లేదు అని రాస్తాడు, పోలీసు వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. అప్పుడు పాత గొడవ కంటే దాచిపెట్టడమే పెద్ద తప్పవుతుంది. మరీ చిన్న కేసులైతే దాచినా మన్నించవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కానీ, మన్నించాలా వద్దా అన్నది ఉద్యోగమిచ్చేవాళ్ల చేతిలోనే ఉంది.

ఒప్పుకోక తప్పదనుకుంటే కనీసం 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద వదలమని అడగండి. మొదటిసారి చేసిన చిన్న నేరమైతే మందలించి పంపెయ్యొచ్చు, లేదా మంచి నడవడికకి బాండు రాయించుకోవచ్చు, పైగా ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటుకోదు. అడిగితేనే గుర్తొచ్చే కోర్టులు ఎక్కువ. వకీలు లేకపోతే లీగల్ ఎయిడ్ (ఉచిత వకీలు సాయం) కావాలని అక్కడే చెప్పొచ్చు.

ఇప్పటికే ఫైన్ కట్టి వచ్చేసినవాళ్లు తీర్పు కాపీకి అప్లై చేసి, ఏ సెక్షన్ కింద ఏం రాశారో చూసుకోండి. రేపు ఫారంలో నింపాల్సింది అదే.