త్రిశరణం చెప్పే బౌద్ధ మార్గాలు

బుద్ధం శరణం గచ్ఛామి
ధర్మం శరణం గచ్ఛామి
సంఘం శరణం గచ్ఛామి

శ్రీలంకలో పున్నమినాడు తెల్లబట్టలు కట్టుకుని విహారానికి వెళ్లే ఉపాసకులు బుద్ధుడికి నమస్కరించి పలికేది ఈ మూడు వాక్యాలే. టిబెట్ సాధకుడు సాష్టాంగపడుతూ తన భాషలో పలికేదీ, జపాన్‌లో జెన్ దీక్ష తీసుకునేవారు పలికేదీ ఇవే. కానీ ఆ ముగ్గురినీ "మీరు శరణు కోరే బుద్ధుడు ఇప్పుడు ఎక్కడున్నాడు?" అని అడిగి చూడండి. ఒకరి జవాబు మరొకరితో కలవదు. బౌద్ధంలో ఇన్ని శాఖలున్నాయి కదా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవారికి నేను త్రిశరణాన్నే చూపిస్తాను. ఒక శాఖవారు బుద్ధుణ్ణి ఎక్కడ చూస్తున్నారు, ధర్మమని దేన్ని అంటున్నారు, సంఘంలో ఎవరెవరిని కలుపుకుంటున్నారు అన్నది తెలిస్తే ఆ శాఖ గుండె మనకు తెలిసినట్టే.

శరణాలు మొదట మూడు కావు. బోధి లభించిన కొన్ని వారాలకు తపుస్సుడు, భల్లికుడు అనే ఇద్దరు వర్తకులు బుద్ధుడికి ఆహారం సమర్పించి, ఆయననూ ధర్మాన్నీ శరణు కోరారని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం చెబుతుంది. అప్పటికి సంఘం లేదు. మూడు శరణాలూ పలికిన తొలి గృహస్థు వారాణసిలోని యశుడి తండ్రి. కొడుకును వెతుక్కుంటూ వచ్చిన తండ్రి ఆయన! తర్వాత కొంతకాలం భిక్షువుగా చేరడానికి కూడా ఈ వాక్యాలు మూడేసిసార్లు పలికితే సరిపోయేది.

పరినిర్వాణానికి ముందు బుద్ధుడు తన స్థానంలో ఎవరినీ కూర్చోబెట్టలేదు. తాను చెప్పిన ధర్మమూ వినయమే ఇక మీకు శాస్త, అంటే గురువు, అని ఆనందుడితో అన్నాడు. శాఖలు పుట్టడానికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. అందరినీ శాసించే పీఠం లేనప్పుడు, విన్నదాన్ని ఎవరి శ్రద్ధకొద్దీ వాళ్లు లోతుగా తవ్వుకుంటూ పోతారు. దాదాపు నూరేళ్లకు వైశాలిలో భిక్షువుల నియమాల మీద వాదం వచ్చింది. కాలక్రమంలో స్థవిరులు, మహాసాంఘికులు అని సంఘం చీలింది. తర్వాతి శాఖలను సంప్రదాయం 18గా లెక్కిస్తుంది. ఆ పేర్లన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను. నాగార్జునకొండ శాసనాలను మాత్రం తలచుకోవాలి. అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు, తామ్రపర్ణి (శ్రీలంక) నుంచి వచ్చిన స్థవిరులు, ఇందరి పేర్లూ ఆ ఒక్క లోయలోనే కనిపిస్తాయి. సిద్ధాంతంలో విభేదించినవాళ్లు ఇరుగుపొరుగు విహారాల్లో బతికారు.

ఆనాటి శాఖల్లో నేటికీ నిలిచినది థేరవాదం. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడి కొడుకని చెప్పే మహిందుడితో శ్రీలంక చేరి, తర్వాత మయన్మార్, థాయిలాండ్, కంబోడియా, లావోస్‌లలో పాతుకుంది. వీరి దృష్టిలో బుద్ధుడు పరినిర్వాణం పొందాడు. పిలిస్తే పలకడు, మొక్కితే వరమివ్వడు. మరి శరణు దేనికి? ధమ్మపదం జవాబిస్తుంది. భయపడిన మనుషులు కొండలనూ వనాలనూ చెట్లనూ ఆశ్రయిస్తారు, అది క్షేమమైన శరణం కాదు అంటుంది. ఆ వెంటనే:

యో చ బుద్ధఞ్చ ధమ్మఞ్చ సంఘఞ్చ సరణం గతో
చత్తారి అరియసచ్చాని సమ్మప్పఞ్ఞాయ పస్సతి

బుద్ధధర్మసంఘాలను శరణు పొందినవాడు నాలుగు ఆర్యసత్యాలను సరైన ప్రజ్ఞతో చూస్తాడు. అంటే శరణు కోరాక మన పని మొదలవుతుంది. దుఃఖాన్ని చూడాలి, దాని కారణాన్ని చూడాలి, అది ఆగిపోవడం చూడాలి, ఆ దారిలో నడవాలి. శీలం, సమాధి, ప్రజ్ఞ అనే వరసలో సాగే ఈ సాధనకు గమ్యం అర్హత్వం, అంటే క్లేశాలన్నీ తొలగిన విముక్తి. విపశ్యన పేరుతో లోకమంతా వ్యాపించిన ధ్యానం ఈ సంప్రదాయం నుంచి వచ్చిందే. దీన్ని 'హీనయానం' అనడం కొన్ని పుస్తకాల్లో ఇంకా కనిపిస్తుంది. అది ఎదుటి పక్షమైన మహాయానులు పెట్టిన చిన్నచూపు పేరు. ఆ మార్గంలో ప్రాణం పెట్టి నడిచేవారిని ఆ మాటతో పిలవకూడదు.

ఆనాటి శాఖల్లో మరొకటైన సర్వాస్తివాదులు ఇదే ప్రశ్నను ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లారు. బోధికి ముందూ తర్వాతా సిద్ధార్థుడి శరీరం ఒకటే కదా, అలాంటప్పుడు శరణు కోరేది ఆ శరీరాన్నా? కాదు, ఆయన్ని బుద్ధుణ్ణి చేసిన గుణాలను అని తేల్చారు. వసుబంధుడి అభిధర్మకోశభాష్యంలో ఈ చర్చ చదువుతుంటే మహాయానం తలుపు తెరుచుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. శరీరం పోయినా పోనిది బుద్ధత్వం అయితే, అది ఇప్పుడూ ఉన్నట్టే. మహాయానులు దాన్ని ధర్మకాయం అన్నారు. బుద్ధుడు ఒక్కడు కాదు, అనేక లోకాల్లో అనేక బుద్ధులున్నారన్నారు. అందుకే ఇక్కడి సాధకుడు బుద్ధుణ్ణి శరణు కోరడంతో ఆగడు, అందరి కోసం తానూ బుద్ధుణ్ణవుతానని ప్రతిజ్ఞ చేస్తాడు. అదే బోధిచిత్తం. దానం, శీలం, క్షాంతి, వీర్యం, ధ్యానం, ప్రజ్ఞ అనే ఆరు పారమితలు ఆ ప్రతిజ్ఞకు కాళ్లూ చేతులూ. నలందకు చెందిన శాంతిదేవుడు 8వ శతాబ్దంలో చేసిన ప్రార్థన ఇది:

ఆకాశస్య స్థితిర్యావద్ యావచ్చ జగతః స్థితిః
తావన్మమ స్థితిర్భూయాత్ జగద్దుఃఖాని నిఘ్నతః

ఆకాశం ఉన్నంతకాలం, జగత్తు ఉన్నంతకాలం, లోకపు దుఃఖాలను తొలగిస్తూ నేనూ ఉందును గాక. మోక్షం కోరుతూ చేసిన ప్రార్థనలు ఎన్నో చదివాను. ఉండిపోతానని వేడుకునే ప్రార్థన ఇంత సూటిగా మరెక్కడా నాకు కనిపించలేదు.

ఈ కరుణకు వెనక ఒక కఠినమైన తర్కం ఉంది. ఏదీ తనంతట తాను లేదు, ప్రతిదీ మరొకదాని మీద ఆధారపడి పుడుతుంది, ఆ ఆధారపడటమే శూన్యత అని నాగార్జునుడు నిరూపించాడు. అది మాధ్యమికం. మనకు తెలిసే ప్రపంచంలో చిత్తం పాత్ర ఎంత అని శోధించింది అసంగుడు, వసుబంధుల యోగాచారం. రెంటినీ లోతుగా చదవకుండా మహాయానాన్ని కేవలం భక్తి అనుకోవడం అన్యాయం. పైగా మహాయానులూ, పాత శాఖలవారూ ఒకే గోడల మధ్య బతికారు. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, రెండు పక్షాల వినయ నియమాలూ ఒకటేననీ, బోధిసత్వులను, అంటే బుద్ధత్వానికి ప్రతిజ్ఞ పూనినవారిని, పూజించి మహాయాన సూత్రాలు చదివేవారిని మహాయానులంటారనీ రాశాడు. ఇప్పటికీ చైనా భిక్షువులు పాటించేది ధర్మగుప్తకుల వినయం, 250 నియమాలు. టిబెట్‌లో మూలసర్వాస్తివాదులది, 253. థేరవాదంలో 227.

తూర్పు ఆసియా చేరాక మొదటి శరణం రెండు కొసలకు వెళ్లింది. ఒకటి సుఖావతి మార్గం. ధర్మాకరుడనే భిక్షువు 48 ప్రతిజ్ఞలు చేసి అమితాభ బుద్ధుడయ్యాడనీ, నమ్మి పది సార్లు తలచినవారు కూడా తన క్షేత్రమైన సుఖావతి లోకంలో పుట్టాలన్నది అందులో 18వదనీ సుఖావతీ సూత్రం చెబుతుంది. జపాన్‌లో హోనెన్ (1133–1212) అమితాభుడి నామం పలకడాన్నే సర్వస్వం చేశాడు. ఆయన శిష్యుడు షిన్రాన్ (1173–1263) ఇంకా ముందుకెళ్లి, నామం పలకడం ముక్తి సంపాదించుకునే సాధన కూడా కాదు, అప్పటికే అందిన కరుణకు కృతజ్ఞత అన్నాడు. 1207లో రాజధాని నుంచి బహిష్కరణకు గురయ్యాక తాను భిక్షువూ కాదు, గృహస్థూ కాదు అని రాసుకున్నాడు. ధ్యానం కుదరనివారికీ, జీవితమంతా తప్పటడుగులు వేసినవారికీ ఇంత ధైర్యం చెప్పిన మాటలు బౌద్ధంలో అరుదు.

రెండో కొస చాన్, అంటే జపాన్‌లో జెన్. చదువురాని కట్టెలు కొట్టేవాడని సంప్రదాయం చెప్పే హుయినెంగ్ (638–713) శరణాలను లోపలికి తిప్పాడు. బుద్ధుడంటే మేల్కొలుపు, ధర్మమంటే సరైనది, సంఘమంటే నిర్మలత్వం, ఈ మూడూ నీ స్వభావంలోనే ఉన్నాయి, నీలోని బుద్ధుణ్ణి శరణు కోరక ఇంకెవరిని కోరతావు అన్నాడు. జపాన్‌లో సోతో జెన్‌కు ఆద్యుడైన దోగెన్ (1200–1253) ఊరక కూర్చోవడాన్నే బుద్ధత్వపు ఆచరణగా బోధించాడు. వినడానికి ఈ రెండు మార్గాలూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టుంటాయి. నిజంగానే చాలాచోట్ల వాదులాడుకున్నాయి కూడా. అయితే చైనా ఆశ్రమాల్లో అవి కలిసిపోయాయి. సాధకుడు అమితాభుడి నామం జపిస్తాడు, జపిస్తూనే "ఈ నామం పలుకుతున్నదెవరు?" అని తనను తాను ప్రశ్నించుకుంటాడు. భక్తి, విచారణ ఒకే శ్వాసలో ఇమిడిన ఈ సాధన నాకు ఎంతో ప్రియమైనది.

వజ్రయానంలో మరో శరణం చేరుతుంది. టిబెట్ సాధకుడు ముందు గురువును, తర్వాతే బుద్ధధర్మసంఘాలను శరణు కోరతాడు. బుద్ధుణ్ణి కళ్లారా చూడలేని మనకు ఆయన కరుణ చేరేది గురుముఖంగానే అని వారి భావం. ఉన్నత సాధనలకు ముందు ఈ శరణాన్ని సాష్టాంగ నమస్కారాలతో లక్షసార్లు పూర్తిచేయిస్తారు. మంత్రం, మండలం, దేవతాధ్యానం అన్నీ ఆ పునాది మీదివే. పద్మసంభవుణ్ణి తలచే ఞింగ్మా, కాగ్యు, శాక్య, త్సోంగ్‌ఖాపా (1357–1419) బోధన మీద నిలిచిన గెలుగ్ అక్కడి నాలుగు ప్రధాన సంప్రదాయాలు. తంత్రమంటే ఏదో గుప్తవిద్య అని ఆసక్తితో వెళ్లేవారికి ఈ లక్ష నమస్కారాల సంగతి ముందే తెలియడం మంచిది.

చివరగా అన్నిటికంటే కొత్తది. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో డాక్టర్ అంబేద్కర్ ఇవే త్రిశరణాలను, పంచశీలాన్ని వృద్ధ భిక్షువు చంద్రమణి నుంచి స్వీకరించారు. ఆ తర్వాత తాను గృహస్థుడై ఉండి కూడా లక్షలాది ప్రజలకు శరణాలు ఇచ్చి, 22 ప్రతిజ్ఞలు చేయించారు. నవయానంగా పేరుపొందిన ఈ మార్గంలో ధర్మమంటే ముందుగా మనిషికీ మనిషికీ మధ్య ఉండవలసిన సమత్వం. సంఘం సంగతికొస్తే, ఆయన మరణం తర్వాత 1957లో వెలువడిన గ్రంథంలో, భిక్షువును బుద్ధుడు ఎందుకు సృష్టించాడు, పరిపూర్ణ మానవుడిగానా, సమాజ సేవకుడిగానా అని అంబేద్కర్ సూటిగా అడిగారు. మూడో శరణాన్ని ఉచ్చరించే ప్రతి శాఖనూ ఆ ప్రశ్న ఇవాళ నిలదీస్తూనే ఉంది.