చార్టులో ఖాళీగా వదిలిన రెండు గళ్ళు

ప్రభుత్వాసుపత్రిలో నర్సుని. మా వార్డులో రిటైరైనవాళ్ళ పోస్టులు ఒక్కటీ భర్తీ చేయలేదు. కోత అని ఎవరూ అనలేదు, "సర్దుకోండి" అన్నారంతే. రాత్రి ముగ్గురం చేసే డ్యూటీ నా ఒక్కదాని మీదే పడింది.

పక్షవాతంతో మంచాన పడ్డ ఒక పెద్దాయనను రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఆ రాత్రి ఒంటిగంటకు, మూడింటికి తిప్పలేకపోయాను. ఇంకో మంచం మీద మనిషికి ఊపిరి అందడం లేదు, అక్కడే ఉండిపోయాను. తెల్లారి ఒళ్ళు తుడుస్తుంటే ఆయన నడుం కింద ఎర్రటి మచ్చ. వేలితో నొక్కితే తెల్లబడలేదు. కదలకుండా పడుకుంటే పడే పుండుకు అదే మొదలు.

చార్టులో ఆ రెండు గళ్ళూ ఖాళీ. మామూలుగా డ్యూటీ దిగేముందు, తిప్పకపోయినా తిప్పినట్టు టిక్ పెట్టేస్తాం. నేనూ చాలాసార్లు పెట్టాను, దాచడమెందుకు? ఆ రోజు మాత్రం "తిప్పలేదు, డ్యూటీలో నర్సు ఒక్కరే" అని రాసి సంతకం చేశాను.

మధ్యాహ్నానికల్లా పిలుపొచ్చింది. "నీ తప్పు నువ్వే రాసుకున్నావేంటమ్మా?" అన్నారు మేట్రన్ మేడమ్. సంజాయిషీ ఇమ్మన్నారు. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు. తోటివాళ్ళకూ నా మీదే కోపం: నేను నిజం రాస్తే వాళ్ళ టిక్కుల మీద అనుమానం వస్తుందని. అదీ నిజమే.

సంజాయిషీలో క్షమాపణ రాయలేదు. 9 ఐరోపా దేశాల్లోని 300 ఆసుపత్రులను పరిశీలించి 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన అధ్యయనం గురించి రాశాను. నర్సుకు ఒక్క రోగి ఎక్కువైతే, ఆపరేషన్ అయినవాళ్ళు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగిందని అందులో తేలింది. కాలిఫోర్నియాలో 2004 నుంచి ఒక నర్సుకు రోగులు ఎంతమందికి మించకూడదో చట్టమే చెబుతోందనీ రాశాను.

"నర్సంటే త్యాగం" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా పరుగులతో, దొంగ టిక్కులతో కప్పెట్టినన్నాళ్ళూ పోస్టులు లేకున్నా వార్డు నడుస్తున్నట్టే పైవాళ్ళ లెక్క. మిగిలిన జీతం కాగితం మీద కనిపిస్తుంది, పెద్దాయన నడుం మీది మచ్చ కనిపించదు.

వారం తర్వాత ఒక జూనియర్ కూడా గడి ఖాళీగా వదిలింది. తర్వాత మరో ఇద్దరు. నెల తిరిగాక, రాత్రి డ్యూటీకి రెండో నర్సును ఇచ్చారు, మూడు నెలల కాంట్రాక్టు మీద. నా సంజాయిషీకి జవాబైతే రాలేదు, ఫైల్లోనే ఉంది.