తాతయ్య ట్రంకు పెట్టె

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధివాళ్ళందరూ మా తాతయ్యను "మిలట్రీ తాత" అనే పిలుస్తారు. 1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైనప్పుడు ఆయన తూర్పు సరిహద్దులో ఉన్నారు. డిసెంబరు 16న ఢాకాలో శత్రుసేన లొంగిపోయే వరకు గడిచిన ఆ 13 రోజుల గురించి ఆయన మాకు చెప్పింది బురద, తడిసిన బూట్లు, అంతే.

అసలు యుద్ధం చేసింది మామ్మేనని నాకు అనిపిస్తుంది. చిరునామాలో ఊరి పేరు లేకుండా '99 ఏపీఓ' అని సైనిక తపాలా కార్యాలయం సంఖ్య మాత్రమే ఉండేది కనుక, భర్త ఎక్కడున్నాడో తెలియకుండానే ఆమె పక్కింటి మాస్టారి చేత ఉత్తరాలు రాయించేది. మరుసటి వేసవిలో తాతయ్య నౌపడలో దిగి, చిన్న రైలెక్కి ఇంటికి వస్తే, ఆరు నెలల మా నాన్న ఆ మీసాలు చూసి గుక్కపట్టి ఏడ్చాడట.

ఆ యుద్ధంలో తూర్పు సరిహద్దున పనిచేసినందుకు ఇచ్చిన పూర్వీ స్టార్ పతకం ఇప్పటికీ నల్ల ట్రంకు పెట్టెలో, మామ్మ పెళ్ళిచీర మడతల్లో, కలరా ఉండల వాసనతో ఉంది. పింఛను కోసం ఏటా నవంబరులో, తాను జీవించే ఉన్నట్లు ఆయన ధ్రువపత్రం ఇవ్వాలి. నిరుడు, పొలం పనులతో అరిగిపోయిన ఆయన వేలిముద్రను యంత్రం మూడుసార్లు తిరస్కరించింది. "నేను బతికే ఉన్నానని దీనికి నువ్వైనా చెప్పరా" అని తాతయ్య నాతో, గుమాస్తాకు కూడా అర్థమయ్యేలా, ఒడియాలో అన్నారు. చివరికి కంటిపాపను చూపిస్తే పని జరిగింది.