బూస్ట్ కంట్రోలర్ మార్చాక తక్కువ ఆర్‌పీఎంలో పికప్ పోతే

మా తమ్ముడు తన టర్బో పెట్రోల్ కారులో బూస్ట్‌ని, అంటే టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడిని, అదుపు చేసే కంపెనీ సొలెనాయిడ్ వాల్వ్ తీయించి, గోళీ-స్ప్రింగ్ రకం మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ పెట్టించాడు. కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత మొదలైంది గోల, 3000 ఆర్‌పీఎం దాటితే బుల్లెట్టే గానీ స్పీడ్ బ్రేకర్ దాటి సెకండ్ గేర్‌లో తొక్కితే ఉలుకూ పలుకూ లేదు. టర్బో పోయిందన్నాడు మెకానిక్. పైన బూస్ట్ నిండుగా వస్తుంటే టర్బో ఎలా పోతుందండీ?

టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపుల దగ్గర లీకు చూశాం, లేదు. కంట్రోలర్ విప్పితే దొరికింది. స్ప్రింగ్ గోళీని నొక్కి పెట్టి, సెట్ చేసిన ప్రెజర్ వచ్చేదాకా గాలిని వేస్ట్‌గేట్ యాక్చుయేటర్‌కి (ఎగ్జాస్ట్‌ని పక్కకి వదిలే తలుపుని గాలి ఒత్తిడితో తెరిచే భాగానికి) వెళ్లనివ్వదు; యాక్సిలరేటర్ వదిలాక గొట్టంలో మిగిలిన గాలి పోవడానికి పక్కన సన్నటి రంధ్రం ఉంటుంది, అది కాస్తా ఆయిల్ జిడ్డుతో పూడుకుపోయింది. గాలి లోపలే ఇరుక్కుంటే వేస్ట్‌గేట్ మూసుకోదు, ఎగ్జాస్ట్ టర్బైన్‌ని తిప్పకుండా పక్కదారి పడుతుంది. సన్నటి తీగతో పొడిచి, క్లీనర్ కొట్టాక పికప్ వచ్చేసింది.

గోళీ లేకుండా, గాలిని కొంత బయటికి వదిలేసే బ్లీడ్ రకం కంట్రోలరైతే మాత్రం వేస్ట్‌గేట్ కాస్త ముందే తెరుచుకోవడం దాని స్వభావమే. ఇంకోటి, టెస్ట్ కోసమని యాక్చుయేటర్ గొట్టం పీకేసి ఫుల్లుగా తొక్కకండి, బూస్ట్‌కి అడ్డే ఉండదు, ఇంజన్ పోతుంది.