ముగ్గు చెరిగేలోపు ఒక ఫోటో, మూడు వాక్యాలు

ఈమధ్య నా పద్ధతి ఒక దారికి వచ్చింది. కంటికి నచ్చింది కనబడగానే ఫోన్ తీయను. కాసేపు చూస్తాను, ఒక్క ఫోటో తీస్తాను, పది నిమిషాలు దాటకముందే మూడు వాక్యాలు రాస్తాను. ఆ మూడింట్లో ఫోటోకి ఎక్కనివే ఉండాలి: ఒక చప్పుడు, ఒక వాసన, ఎవరో అన్న ఒక మాట. "అందంగా ఉంది", "అద్భుతం" అని రాయను, ఆ సంగతి ఫోటో చూసుకుంటుంది. మొదలుపెట్టింది వానాకాలంలో. ఇప్పుడు మామిడి పూతకొచ్చింది. ఈలోగా ఏది ఎలా కుదిరిందో ఇక్కడ రాసిపెడుతున్నాను.

మా తిరుపతికి గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలతోనే, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు లోపల. రెండు రోజులు విడవకుండా కురిస్తే శేషాచలం కొండ మీద తెల్లటి ధారలు దిగుతాయి. కపిలతీర్థం అందరికీ తెలుసు, పక్కన పేరు లేని ధారలు ఇంకా ఉంటాయి. వాన ఆగాక అవి సన్నబడి కనబడకుండా పోతాయి. డాబా మీద నుంచి తీసేటప్పుడు జూమ్ చేయాలని వేళ్ళు లాగుతాయి. కానీ ఫోన్‌లో ఎక్కువగా లాగే జూమ్ బొమ్మను కత్తిరించి పెద్దది చేయడమే. అందుకే నీళ్ళ ట్యాంకునీ బట్టల తీగనీ ముందు పెట్టుకుని కొండను వెనక చిన్నగానే ఉంచుతున్నాను. ఆకాశం తెల్లగా ఉంటే కొండ నల్లగా పడుతుంది. స్క్రీన్ మీద కొండ ఉన్నచోట వేలు నొక్కిపడితే ఫోకస్, వెలుతురు రెండూ అక్కడ లాక్ అవుతాయి. ఆ రోజు పుస్తకంలో ఉన్నది ఇది: "ట్యాంకు పొంగి కారుతోంది. మోటరు ఆపండయ్యా అని కింద నుంచి అరుపు. ఎవరింట్లోనో బజ్జీల నూనె కాగిన వాసన." ఫోటోలో కొండ చిన్నదే అయినా ఆ అరుపు చదివితే మధ్యాహ్నమంతా గుర్తుకొస్తుంది.

ధనుర్మాసం నాకు అన్నిటికన్నా ఇష్టమైన నెల. పక్కింటి అక్క ఇంకా చీకటి ఉండగానే కళ్ళాపి చల్లి ముగ్గు మొదలుపెడుతుంది. ఎండ మా వీధిలోకి వచ్చేసరికి ఏడు దాటుతుంది, ఆపైన బండ్లు తిరుగుతాయి. మధ్యలో దొరికే కాసేపే నా సమయం. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ముగ్గుపిండి నేల మీద ఎత్తుగా కనబడుతుంది, ప్రతి గీతకూ సన్నటి నీడ ఉంటుంది. ఎండ నడినెత్తికి వస్తే ఆ నీడ ఉండదు, కాగితం మీద గీసినట్టు చదునుగా వస్తుంది. తడి నేల నల్లగా ఉంటుంది కాబట్టి ఫోన్ ఫోటోను తెల్లబరుస్తుంది, పిండి గీతల్లో వివరం పోతుంది. స్క్రీన్ మీద వెలుతురు తగ్గించే గీతను కొంచెం కిందికి లాగితే సరిపోతుంది. ఎండ నా ఎడమ వైపో కుడి వైపో ఉండేలా నిలబడతాను, లేకపోతే నా నీడ ముగ్గు మీద పడుతుంది.

చుక్కలు పెట్టేటప్పుడు అక్క చేతిని తీస్తానంటే, "చేతిని తీసుకో నాయనా, మొహం వద్దు, ఇంకా తల కూడా దువ్వుకోలేదు" అంది. ఆ మాట నా పుస్తకంలో ఉంది. చేతి ఫోటో పూర్తి ముగ్గు ఫోటో కన్నా బాగుంది. ముగ్గుపిండిలో కలిపిన బియ్యప్పిండి కోసం చీమలు బారు కట్టడం కూడా ఆ చేతి కోసం వంగినప్పుడే చూశాను.

ఒక భాగాన్నే ఎంచుకుని తీయడానికి ఇంకో కారణం ఉంది. అమెరికా సైకాలజిస్టు లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మ్యూజియం వస్తువులను ఫోటో తీసినవాళ్ళకు ఊరికే చూసినవాటికన్నా అవి తక్కువగా గుర్తున్నాయి. జూమ్ చేసి ఒక భాగాన్ని తీసినప్పుడు మాత్రం ఆ తగ్గుదల లేదు. ఎక్కడ తీయాలో వెతికేటప్పుడు మనసు కూడా అక్కడే ఉంటుంది కదా.

ఫోనే లేని రోజు ఎలా? దానికి తిరుమల ఉంది. గుడిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. గంటల కొద్దీ క్యూలో నిలబడితే స్వామి ముందు దొరికేది కొన్ని క్షణాలు, ఆపైన "జరగండి జరగండి". బయటి వెలుతురులోంచి వచ్చిన కళ్ళు చీకటికి అలవాటు పడడానికి నిమిషాలు పడుతుంది, గర్భగుడిలోనేమో దీపాల వెలుగే. అన్నీ చూడాలనుకుంటే ఏదీ నిలవదు. అందుకే ఈసారి నామాన్ని మాత్రమే చూడాలని క్యూలోనే అనుకున్నాను. చూశాను. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని రాశాను: "తెల్లటి నామం అంచున దీపం కదిలింది. పచ్చకర్పూరం వాసన. వెనకున్న అవ్వ 'నాయనా, కనపడినావా' అని స్వామినే అడిగింది." ఇన్ని నెలల్లో ఫోటో లేని పేజీ అదొక్కటే, నేను ఎక్కువసార్లు తిప్పేదీ అదే.

కొండ దిగి బస్టాండ్‌లో గంధం పూసుకున్న గుండ్లతో కూర్చునే కుటుంబాలను కూడా తీస్తున్నాను. పిల్లలను తీయాలంటే అమ్మానాన్నలను అడిగి, వెనక నుంచే. వరసగా కూర్చున్న పసుపు రంగు తలలు చాలు. తీశాక చూపిస్తాను, కావాలంటే అక్కడే పంపిస్తాను, వద్దంటే తీసేస్తాను.

దాచడం విషయానికొస్తే, నెలాఖరున నచ్చినవాటిని మాత్రం స్టూడియోలో నాలుగు బై ఆరు సైజులో ప్రింట్ వేయిస్తాను. గమ్ తడికి ఫోటో ముడుచుకుంటుంది, అందుకే రెండు వైపులా అంటుకునే టేపు వాడుతున్నాను. రాసేది బాల్‌పెన్‌తో. బస్సులో ఉంటే వాయిస్ టైపింగ్‌లో చెప్పి, ఇంటికొచ్చాక పుస్తకంలోకి ఎక్కిస్తాను. ఊళ్ళ పేర్లు అది తప్పుగా వింటుంది, అవి సరిచూసుకోవాలి.

మే నెలలో మా ఊళ్ళో భక్తులు వేషాలు వేసే తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్ల నామం సుద్ద, తోటి వేషానికి బొగ్గు పూత. తెల్ల ఒంటి వెనక నల్లగా ఉంటే ముగ్గుకు చేసినట్టే వెలుతురు తగ్గించాలి, బొగ్గు ఒంటికి ఎంత ఉంచాలో ముందే తేల్చుకోవాలి. మా తమ్ముడు మధ్యాహ్నం ఎండలో నల్ల చొక్కా వేసుకుని నిలబడతానన్నాడు. ఈ ఆదివారం వాడితో ప్రయత్నిస్తాను.