మందుల స్ట్రిప్పే పాఠం

పెద్దవాళ్లకు చదవడం, రాయడం నేర్పే సాయంత్రం క్లాసుకు వాలంటీరుగా వెళ్తున్నాను. గది లైబ్రరీవాళ్లది, పాఠం మాత్రం ఒక్కోసారి ఆసుపత్రి నర్సుగారిది. ఆవిడ మందుల స్ట్రిప్పులు తెచ్చి ఎక్స్‌పైరీ తేదీ వెతకమంటే, అక్షరమాల అనగానే ఆవులించేవాళ్లు కూడా కళ్లజోళ్లు సవరించుకుని ముందుకు వంగారు. ఒకావిడ వేలు పెట్టి నెల, సంవత్సరం కూడబలుక్కుని, "ఇది ఎప్పుడో అయిపోయిందమ్మా!" అంది.

పెద్దలకు అవసరంలోంచే అక్షరం ఎక్కుతుంది. 1967 నుంచి ఏటా సెప్టెంబర్ 8న అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం జరుగుతోంది, మంచిదే. ఆ ఒక్కరోజు బ్యానర్ల కన్నా లైబ్రరీ, ఆసుపత్రి, బ్యాంకు తలా ఒక గంట ఇస్తే నయం (నా గోల ఎప్పుడూ ఇదే). సంతకం రాగానే మానేసేవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత చదవడానికి ఏమీ దొరక్కపోతే వచ్చిందీ మర్చిపోతారు. అందుకే డబ్బు కట్టే ఫారాలు నింపడం నేర్పమని బ్యాంకును అడిగాం. ఇంకా జవాబు రాలేదు.